బావ కోసం తెరిచి ఉంచిన చెవి

2023 జూలై. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, వన్ టౌన్‌లోని ఒక క్లినిక్ తరఫున ఫ్యాక్టరీలకు వెళ్లి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేస్తున్నాను. ఆ వారం అచ్యుతాపురంలో ఇనుప పైపులు గ్రైండింగ్ చేసే షెడ్డు. కార్మికుడికి హెడ్‌ఫోన్ పెట్టి, సన్నని శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంటాం. ఇరవై అయిదు డెసిబెల్స్ లోపు వినగలిగితే చెవి బాగున్నట్టు.

పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ వచ్చే అప్పలనాయుడికి కుడి చెవి బాగుంది. ఎడమ చెవికి మాత్రం యాభై అయిదు దాకా పెంచితే గాని వినబడలేదు. మళ్లీ చేశాను, అదే అంకె. మోత రెండు చెవులకూ ఒకటే కదా, నష్టం ఒకదానికే ఎందుకు?

"ఏటి మేడమ్, మల్లీ పెట్టారు? నా గేట్ పాస్ ఆపేత్తారా?"

"ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవా?"

"కుడి సెవికి పెడతాను. ఎడంపక్క మా బావ ఉంటాడు. పైన క్రేన్ వత్తే ఆడే కేకేత్తాడు. రెండూ మూసేత్తే ఆడి కేక నాకేటి ఇనబడతాది?"

ఆ బావను, సూరిబాబును, వెంటనే కూర్చోబెట్టాను. అతనికి ఎడమ చెవి బాగుంది, కుడిది పోయింది!

"ఆడు కేకేత్తే నాను ఇనొద్దా మరి?" అని, సూరిబాబు నాయుడి వైపు తిరిగాడు. "మా సెల్లి పిలిత్తే పలకవని పొగరనుకున్నాను కద బావా!"

"నువ్వేదో పలికేసినట్టు!"

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

విషయం మేనేజర్‌కు చెప్పాను. ఆయన నెమ్మదిగానే మాట్లాడాడు. "ఇద్దరికీ ఫిట్ అని రాసేయండమ్మా. అన్‌ఫిట్ అంటే కాంట్రాక్టర్ రేపే తీసేస్తాడు. చర్చికి వెళ్లేవారు, మీరే పేదవాళ్ల పొట్ట కొడతారా?"

ఆ మాట సూటిగా తగిలింది. వాళ్ల అన్నం ముఖ్యమే. కానీ ఫిట్ అని రాస్తే, కేక వినడానికి రేపు ఆ రెండో చెవులూ తెరుస్తారు, అవీ పోతాయి. ఆ తర్వాత క్రేన్ వచ్చినప్పుడు ఏ కేకా వినబడదు.

"గ్రైండింగ్‌కు మాత్రమే అన్‌ఫిట్, వేరే పనికి ఫిట్ అని రాస్తాను. కేకల మీద నడిచే షెడ్డు మీది. క్రేన్‌కు తిరిగే లైటు పెట్టండి. వీళ్లను తీసేశారని తెలిస్తే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు నేనే చెబుతాను" అన్నాను. అలాగే రాసి సంతకం పెట్టాను.

ఇద్దరినీ ప్యాకింగ్‌కు మార్చారు. లైటూ వచ్చింది. మరుసటి ఏడాది ఆ ఫ్యాక్టరీ పరీక్షలు వేరే క్లినిక్‌కు వెళ్లిపోయాయి. మా క్లినిక్ డాక్టరుగారు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు.

పొరుగువాణ్ణి ప్రేమించాలని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అది ఒక చెవి ఖరీదు చేస్తుందని ఆ ఇద్దరి వల్లే తెలిసింది. ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాను:

"నీ పక్కన నిలబడేది ఎవరయ్యా?"