సందులో ఇరుక్కున్న పడవ

మా వీధిలో ఎవరిని కదిపినా తమ ముత్తాత మొదటి పడవలోనే వచ్చాడంటారు. అంతమంది ఎక్కితే ఆ పడవ కారక ఏం చేస్తుంది? కారింది కాబట్టే మా ఊరు పుట్టింది. ఎక్కడికో పోతున్న కొన్ని కుటుంబాలు, అడుగున నీళ్లు ఊరుతున్నాయని ఈ ఏటి మలుపు దగ్గర ఆగాయి. బాగుచేసుకుని బయల్దేరదామనుకున్నారు. పడవల్ని ఒడ్డుకు లాగి బోర్లించి వాటి కిందే పడుకున్నారు. ఇంతలో ఒక పంట వేశారు, ఒక బిడ్డ పుట్టింది, ఇక కదల్లేదు. మట్టి గోడలు లేపుకునేటప్పుడు మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏటికి వెళ్లే సందులో అన్నిటికంటే పెద్ద పడవ పట్టాలి, దాన్ని మోసేవాళ్లు అటూ ఇటూ నడిచే చోటు కూడా ఉండాలి. ఇల్లు ఇరుకైతే సర్దుకోవచ్చు, పడవ బయటికి రాకపోతే తినేదేమిటన్నది వాళ్ల లెక్క.

ఆ కట్టుబాటును మా వీధిలో చివరిదాకా నమ్మిన మనిషి మా మేనత్త ఒక్కతే. ఆ నమ్మకమే ఆవిడ కొంప ముంచబోయింది.

మా అత్తని అందరూ నారత్త అంటారు. పడవ పలకల సందుల్లో జనపనార కూరి, ఉలితో గట్టిగా దిట్టించి, పైన తారు పూయడం ఆవిడ పని. పెళ్లయిన కొన్నాళ్లకే మామయ్య జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. షెడ్డులో పడవలు కట్టే మా తాతకి నార అందించడంతో మొదలుపెట్టి, ఆయన పోయేనాటికి పలక వంచడం, లోపలి వంపు చెక్కలు నిలబెట్టడం, అన్నీ పట్టేసింది. పేరు మాత్రం మా నాన్నది. ఏ పడవ కట్టినా, ఏది బాగుచేసినా, జనం మేస్త్రి అని పిలిచేది నాన్ననే. నాన్నకి అందులో తప్పేమీ కనపడలేదు, అత్త అడగనూ లేదు. నాకే ఒళ్లు మండేది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నట్టు, పడవ కారుతున్నంతసేపూ నారత్తా నారత్తా అని ఇంటిచుట్టూ తిరిగినవాళ్లు, కారడం ఆగగానే అంతా మేస్త్రి చేతి చలవ అని నాన్నకి దండం పెట్టి పోయేవాళ్లు.

తరవాత లాంచీ వచ్చింది, ఫైబరు పడవలు వచ్చాయి. నాన్న తలుపులు, కిటికీల పనిలోకి దిగాడు. "చెక్క పడవల రోజులైపోయాయి చెల్లాయ్. తలుపైతే కారదు, ఎవడూ తిరిగొచ్చి తిట్టడు" అనేవాడు. అత్త ఒడ్డున పాత పడవలకు నార కూరుకుంటూ ఉండిపోయింది. సందులోంచి కొత్త పడవ బయటికి వెళ్లి ఒక తరం గడిచిపోయింది.

అలాంటి రోజుల్లో ఏటి మధ్య లంకలో తోటలు వేసుకుని బతికేవాళ్లు మా ఇంటికి వచ్చారు. అక్కడ నీళ్లు లోతు తక్కువ, లాంచీ ఆగదు. వాళ్ల పాత పడవ అడుగు పుచ్చిపోయింది. పిల్లలు బడికి రావాలన్నా, కూరగాయలు సంతకి చేరాలన్నా ఇంకో పడవ కావాలి. నాన్న తల అడ్డంగా ఊపాడు.

"నేను కడతాను" అంది అత్త, తారు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

లంక పెద్ద అత్తని చూడలేదు, నాన్నని చూశాడు. నాన్న గడ్డం గోక్కుని, "నార కూరడం వేరు, పడవ కట్టడం వేరు" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదని ఇప్పుడు తెలుసు. కానీ ఆ మాటకి అత్త ముఖం ఎలా అయిందో చూశాను, నాన్న మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"నువ్వు చెయ్యి పెట్టకుండానే కడతాను అన్నయ్యా. తేలితే పడవ. మునిగితే నేనే ముక్కలు కొట్టి పొయ్యిలో పెడతాను" అంది అత్త.

లంక పెద్ద సరేనన్నాడు, ఒక షరతు మీద. ఏట్లో ఎర్రనీళ్లు వచ్చి వరద మొదలయ్యేలోపు పడవ నీళ్లలో ఉండాలి. లేకపోతే వాళ్లు ఫైబరు పడవ తెచ్చుకుంటారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట అని వీధి వీధంతా నవ్వుకుంది.

అప్పట్లో నేను రేవులో లాంచీ టికెట్లు అమ్మేదాన్ని. పని కాగానే షెడ్డుకి పోయి అత్త చెప్పిన చోట పలక పట్టుకునేదాన్ని. తడిగుడ్డ చుట్టి, సన్నని మంట మీద కాస్తూ, మొండి పిల్లవాడికి అన్నం తినిపించినంత ఓపికగా ఆవిడ ఒక్కో పలకనీ వంచేది. పలక చిట్లితే తిట్టేది కాదు, "తొందరపడ్డాను" అని దానికే చెప్పి ఇంకోటి అందుకునేది. ఒడ్డున ఎందుకు కట్టకూడదని అడిగితే, అక్కడైతే కలపకి కాళ్లొచ్చి నడిచిపోతుందంది. పడవ వెడల్పుకి తాత కొలకర్ర వాడింది. సందు వెడల్పులోంచి ఇద్దరు మనుషుల భుజాలు తీసేస్తే ఎంతో, ఆ కర్ర అంత. సందుని మాత్రం కొలవలేదు. దానితోనే కొలతలు పుట్టినప్పుడు దాన్నెవరు కొలుస్తారు?

లంకవాళ్లు మోయడానికి వచ్చిన రోజు పొద్దున్నే పడవ షెడ్డు దాటింది. ఎంత ముచ్చటగా ఉందో. సందులో సగం దూరం వచ్చి, ఒక పక్క దర్జీ ఇంటి మెట్లకీ, ఇంకో పక్క మా వంటింటి గోడకీ మధ్య గట్టిగా ఇరుక్కుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పక్కకి ఒరిగించబోతే పైన దర్జీ మేడ పిట్టగోడ తగిలింది. అప్పుడు తలెత్తి చూస్తే అందరికీ కనపడింది. దర్జీ మెట్లు ఒక జానెడు ముందుకొచ్చాయి. పిండిమర యజమాని అరుగు రెండు జానలు. రిటైరైన మాస్టారి బాత్రూమ్ అయితే సందులోనే కాపురం పెట్టింది. మా వంటిల్లు అన్నిటికంటే బలిసింది. తిలా పాపం తలా పిడికెడు.

"అడ్డంగా రెండు ముక్కలు కోసి, ఒడ్డున అతికించుకుంటే సరిపోతుంది కదా" అన్నాడు పిండిమర యజమాని.

"ముందు నీ మరని రెండు ముక్కలు చేసి అతికించి చూపించు తమ్ముడూ" అంది అత్త.

లంక పెద్ద ఏటి వైపు చూశాడు. నీళ్లు అప్పటికే కొంచెం రంగు తిరుగుతున్నాయి. "వచ్చే సంత దాకా చూస్తాం" అన్నాడు మెల్లగా, ముఖం తిప్పుకుని.

ఇక చూడండి తమాషా. పడవ సందుకి బిరడా బిగించినట్టు కూర్చుంది. వీధిలోంచి ఎవరు రేవు బజారుకి వెళ్లాలన్నా పడవ వెనక భాగంలో ఎక్కి, ముందు భాగంలో దిగాలి. అత్త లోపల కూర్చుని మిగిలిన నార కూరుకుంటూ, వచ్చేపోయేవాళ్లతో చెప్పులు విప్పించేది. మొదట్లో అందరూ విసుక్కున్నారు. కూరగాయల బుట్టతో పడవెక్కి దిగాల్సి రావడమేంటని దర్జీ భార్య శాపనార్థాలు పెట్టింది. మర్నాటికి మాస్టారు టీ గ్లాసు తెచ్చుకుని పలక మీద కూర్చున్నాడు. దర్జీ వాళ్ల ముసలి తల్లి ఒకసారి ఎక్కి, దిగనని మొండికేసింది. చిన్నప్పుడు ఇలాంటి పడవలోనే పుట్టింటి నుంచి వచ్చానని, ఆ రోజు దారంతా ఏడ్చానని చెప్పి, ఇప్పుడు పకపకా నవ్వింది. ఎవరి తాత ఏ పడవలో వచ్చాడన్న పాత తగువు కూడా ఆ పడవలోనే మళ్లీ మొదలైంది. పడవంటే అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. గోడ తీయమంటే మాత్రం ఎవరికి వారే యమునా తీరే. నాది జానెడేగా, ముందు వాళ్లని తీయమనండి అనేవాళ్లు.

"నువ్వే అడగచ్చు కదా అత్తా. నీ మాట కాదంటారా?" అన్నాను, ఉండబట్టలేక.

"అనరు. అడిగితే తీస్తారు. తీసి, పాపం ఆడమనిషి బతిమాలితే దారిచ్చాం అంటారు. దారి ఎప్పుడూ పడవదే. నేను అడగను."

"అడగకపోతే ఇది పొయ్యిలోకే పోతుంది."

అత్త చేతిలో ఉలి ఆగిపోయింది. ఆవిడకి భయం లేదనుకున్నాను అప్పటిదాకా. కళ్లలో నీళ్లు నిలబడ్డాయి, అవి రాలకుండా ఆవిడ తల పైకెత్తి పట్టుకుంది.

ఇన్ని రోజుల్లోనూ ఆ పడవ ఎక్కనివాడు మా నాన్న ఒక్కడే. వెనక గోడ దూకి పనికి పోయేవాడు, ఆ వయసులో. సంత ఇంకో రెండు రోజులుందనగా, మధ్యాహ్నం అత్త అన్నం గిన్నె పట్టుకుని షెడ్డుకి వెళ్లినప్పుడు, నాన్న చెప్పులు విప్పి పడవలోకి దిగాడు. నేను మా గడపలో నిలబడి చూస్తున్నాను. పలకల సందుల వెంబడి అరచెయ్యి పోనిచ్చాడు. తారు మీద గోరుతో నొక్కాడు. వంపు చెక్కల కింద తల దూర్చి పడుకున్నాడు. వంక వెతుకుతున్నాడని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంతసేపటికీ లేవడే. లేచాక పలక మీద చతికిలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

ఇంట్లోకి వచ్చి, వంటింట్లో గిన్నెలు ఒకటొకటిగా వాకిట్లోకి చేరేయడం మొదలుపెట్టాడు.

"ఏంటండీ ఇది?" అంది అమ్మ.

"గోడ తీస్తున్నాను."

"మరి వంట?"

"కొన్నాళ్లు వాకిట్లో చెయ్యి." గునపం వెతుక్కుంటూ ఆగాడు. "నాకు రాదే అలాంటి పని. నాన్నకి కూడా అంత శుభ్రంగా వచ్చేది కాదు. ఇన్నాళ్లూ పక్కనే ఉండి చూడలేదు నేను."

"సరే, మళ్లీ కట్టేటప్పుడు లోపలికి జరిపి కట్టండి. ఈసారైనా పొగ పోవడానికి కిటికీ పెట్టండి. వీధిలో అందరికీ కిటికీలు చేసిచ్చారు, నా వంటింటికి మాత్రం లేదు" అంది అమ్మ.

గునపం దెబ్బలకి వీధంతా బయటికి వచ్చింది. మేస్త్రి తన గోడ తానే పడగొట్టుకుంటుంటే చూస్తూ నిలబడడం ఎవరికైనా కష్టమే. ముందు దర్జీ సుత్తి తెచ్చి తన మెట్టు మీద వేశాడు. ముసలి తల్లి పక్కన నిలబడి, ఇంకా గట్టిగా కొట్టమని పురమాయించింది. మాస్టారు బాత్రూమ్‌లోంచి బకెట్టు తెచ్చుకుని, పని మీరే కానివ్వండి అని పక్కకి తప్పుకున్నాడు. పిండిమర యజమాని చీకటి పడేదాకా సణిగి, పడవ తన అరుగు దగ్గర ఆగితే లోకం తననే తిడుతుందని తెలిసి చివరికి దిగివచ్చాడు. అత్త మొదటి దెబ్బకే భోజనం నుంచి లేచివచ్చి, చెయ్యి కడుక్కున్న తడితోనే రాళ్లు ఏరి గంపకెత్తడం మొదలుపెట్టింది.

సంత రోజు పొద్దున పడవ ఒడ్డు చేరింది. లంకవాళ్లూ మావాళ్లూ కలిసి మోశారు. కొత్త చెక్క పడవ నీళ్లలోకి దిగగానే కారుతుంది. పలకలు నీళ్లు తాగి ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుంటేనే కారడం ఆగుతుంది. పని సరిగా లేకపోతే ఎన్నటికీ ఆగదు. అందుకే కట్టిన మనిషి ముందు ఒంటరిగా ఎక్కి కూర్చోవాలి. అత్త ఎక్కింది. నాన్న నడుం లోతు నీళ్లలో నిలబడి తాడు పట్టుకున్నాడు. కాసేపటికి అడుగున నీళ్లు మెరిశాయి. అత్త పాదాలు మునిగాయి. చీలమండలు మునిగాయి. తోడి పోస్తోంది, మళ్లీ ఊరుతోంది. టికెట్ల గది ముందు లాంచీ కోసం నిలబడ్డవాళ్లు కూడా ఇటే చూస్తున్నారు, నేను గది వదిలేసి వచ్చానని ఎవరూ గమనించలేదు.

లంక పెద్ద ఉండలేక కేకేశాడు. "మేస్త్రీ, కారుతోంది కదయ్యా, ఏం చేద్దాం?"

"నన్నడుగుతావేంటి? మేస్త్రి పడవలో ఉంది, ఆవిడనడుగు" అన్నాడు నాన్న, వెనక్కి తిరక్కుండానే.

అత్త తోడుతున్న డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయింది. తరవాత మళ్లీ తోడింది. ఇంకోసారి తోడింది. ఆ తరవాత డబ్బా పక్కన పెట్టి, వంగి, అడుగు పలకల మీద చెయ్యి ఆనించి చూసింది. చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. నీళ్లు ఊరడం ఆగిపోయింది. నేను అందరి ముందూ బావురుమన్నాను, సిగ్గనిపించలేదు.

"మేస్త్రీ, తాడు వదలమంటారా?" అన్నాడు నాన్న.

హాస్యమాడుతున్నాడేమోనని అత్త ఆయన ముఖంలోకి చూసింది. ఆడడం లేదు.

"వదులు అన్నయ్యా" అంది.

నాన్న తాడు వదిలాడు. పలక మీద చెయ్యి మాత్రం తీయలేదు. నీళ్లు ఛాతీ దాకా వచ్చేవరకు ఆ పడవతో పాటే నడిచాడు.