బొజ్జ దళపతి భోజనం

ఆ వీడియో గేములో బొజ్జ దళపతి ఓ చిన్న విలన్. పాతకాలపు కోట గుమ్మం ముందు మీసం దువ్వుకుంటూ, దారిన పోయేవాళ్లని ఊరికే గుడ్లురిమి చూస్తుంటాడు. కత్తి ఒరలో ఇరుక్కుంటే, ఎవరైనా చూశారేమోనని గట్టిగా దగ్గుతాడు. ఎండెక్కగానే గోడ నీడన చతికిలబడి, గిన్నె ముందేసుకుని, గబగబా ముద్దలు మింగుతాడు. వాణ్ణి పడగొట్టడానికి అంతకన్నా మంచి అదను లేదు. మనవరాలు బాణం గురిపెట్టగానే, పక్కన కూర్చున్న నానమ్మ చెయ్యి పట్టుకుంది.

"తింటున్నవాణ్ణి కొడతారా ఎవరైనా? చెయ్యి కడుక్కోనివ్వవే."

"వాడు దుర్మార్గుడు నానమ్మా! వాణ్ణి కొడితేనే కోట తాళంచెవి దొరుకుతుంది."

"దుర్మార్గుడైతే ఆకలెయ్యదా?"

మనవరాలు నిట్టూర్చి, కోట వెనక్కి వెళ్లి, జారిపడుతూనే నిట్టనిలువు గోడ ఎక్కడం మొదలుపెట్టింది. ఎంత తిన్నా ఆ గిన్నె ఖాళీ కాదని మాత్రం నానమ్మకి చెప్పలేదు.