సవోన్ పెద్దమ్మ కూర్చున్న బుట్ట

సవోన్ పెద్దమ్మ కూర్చోని బుట్ట మా ఊరి పొలిమేర దాటదు. మిగతా ఊళ్ళలో బుట్ట బాగుందో లేదో కంటితో చూస్తారు, చేత్తో నొక్కుతారు. ఆ రెండింటి మీదా మా పెద్దమ్మకి నమ్మకం లేదు. బుట్టని బోర్లించి, నడుముకి చుట్టుకున్న సరోంగు సర్దుకుని, తన బరువంతా దాని మీదకి దింపుతుంది. ఆ బరువు రెండు బియ్యం బస్తాలకి ఒక పిసరు ఎక్కువే.

ప్రతి బుధవారం, స్తంభాల మీద నిలబెట్టిన ఆవిడ ఇంటి కింద నీడలో ఈ పరీక్ష. పదిమందిమి అల్లినవన్నీ వరసగా పెడతాం. పాసైనవాటికి అల్లినవాళ్ళ పేరు చీటీ కట్టడం నా పని. అవి యాత్రికులు తిరిగే సియెం రీప్ పట్నంలో దుకాణానికి వెళతాయి. అమ్మకంలో కొంత, అక్కడ డబ్బాలో యాత్రికులు వేసి వెళ్ళే చిన్న నోట్లు, అన్నీ కలిపి ఊళ్ళో బోరింగు వేయించుకోవాలని మా ఆశ. ఎండాకాలం బిందెడు నీళ్ళకి రెండు కిలోమీటర్లు నడిచేవాళ్ళకే తెలుస్తుంది ఆ ఆశ ఎంతటిదో.

"పెద్దమ్మా, కొన్నవాళ్ళు అందులో పండ్లు పెట్టుకుంటారు గానీ ఎక్కి కూర్చుంటారా?" అని మాతో అల్లే థీదా ఒకసారి విసుక్కుంది.

"వాళ్ళత్తగారు కూర్చోదని నీకేం నమ్మకమే?"

బుట్టలతో ఆగితే బాగుండేది. మా చెల్లెలి పెళ్ళికి కొన్న కొత్త మంచం మీద అందరికన్నా ముందు ఆవిడే కూర్చుంది. మంచం నిలబడింది గానీ పెళ్ళికొడుకు మొహం పడిపోయింది.

ఒక్కరి దగ్గర మాత్రం పెద్దమ్మ దొంగాట ఆడేది. నియెప్ అవ్వకి డెబ్బై ఎనిమిదేళ్ళు. చేతులు వణుకుతాయి, బుట్ట అడుగు వదులుగా వస్తుంది. ఆ బుట్టల మీదే ఆవిడ తిండి. వాటి మీదకి పెద్దమ్మ దిగుతుంది, దిగుతుంది, అంగుళం పైన ఆగిపోతుంది. మోకాళ్ళు గడగడలాడుతుంటే, చెమట కారిపోతుంటే, "భేషుగ్గా ఉందవ్వా" అంటుంది. చుట్టూ సరోంగు కప్పేసేది కాబట్టి ఎవరికీ తెలియదు. పక్కనే నేల మీద కూర్చుని చీటీలు కట్టే నాకు మాత్రం ఆ అంగుళం కనిపించేది.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండేది. నా బుట్టలు మూడు ఆవిడ కింద అప్పడాలైపోయాయి మరి. పైగా అవ్వ వారం వారం పెద్దమ్మకి తాటిబెల్లం ముద్దొకటి ఇచ్చేది. లంచం అనుకున్నాను. పాసైన బుట్టల్ని పెద్దమ్మ రెండు రోజులు తన ఇంట్లోంచి కదలనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే, "నన్ను మోసి అలిసిపోయాయి, కాస్త పడుకోనీవే" అనేది.

ఆ ఏడు ఎండలు ముదిరాక రాజధాని నోమ్‌పెన్ నుంచి ఒక హోటలావిడ వచ్చింది. పేరు సొఖెంగ్. మూడు వందల బుట్టలు కావాలంది. ఆ ఒక్క బేరం కుదిరితే బోరింగు వచ్చేసినట్టే.

"కానీ ఇదివరకు వేరేచోట కొన్నవి నెలకే అడుగులు ఊడాయి," అంది. "ఒకటి నేనే ఏరుతాను. అది ఆగితే బేరం, లేకపోతే లేదు."

దుకాణానికి ఇంకా పంపని పోయినవారం బుట్టల్ని పెద్దమ్మ ఇంట్లోంచి తెచ్చి కుప్ప పోశాం. సొఖెంగ్ చెయ్యి పెట్టి ఒకటి లాగింది. చీటీ చూశాను. నియెప్ అవ్వది.

"మేడమ్, అది కాకుండా ఇంకోటి..." అన్నాను.

"ఏం, దీనికేమైంది?"

నేను చీటీ ముడి సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

"ఇక్కడెవరో కూర్చుని చూస్తారట కదా, కూర్చోమనండి," అని బుట్ట ముందు గొంతుక్కూర్చుంది ఆవిడ. "అమ్మా, ఆ సరోంగు కాస్త పక్కకి పట్టుకోండి, నాకు కనబడాలి."

ఇంక అంగుళం దాచడానికి చోటు లేదు. బోరింగు నీళ్ళపాలైందనుకున్నాను. పెద్దమ్మ దిగింది. ఆగలేదు. బుట్ట అల్లిన తీగ కిర్రుమంది. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి పెద్దమ్మ బుట్ట మీద రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తి, మెడలోని క్రమా గుడ్డతో విసురుకుంటోంది.

"ఇంకెంతసేపు కూర్చోను తల్లీ? అన్నం ఇక్కడికే పంపిస్తారా?"

సొఖెంగ్ నవ్వీ నవ్వీ నేల మీద చతికిలబడింది. మూడు వందలు కాస్తా ఐదు వందలయ్యాయి. ఆడవాళ్ళందరూ పెద్దమ్మకి బదులు థీదాని ఎత్తుకుని తిప్పారు. పెద్దమ్మని ఎత్తడం ఎవరి తరం?

ఆ సందడిలో బుట్టని తిరగేసి చూశాను. అడుగున రెండో వరస అల్లిక ఉంది. కొసల్లో ముడి పెద్దమ్మది.

"ఇంట్లో పడుకోబెట్టేది ఇందుకా!" అన్నాను. "మరి నా బుట్టల అడుగులకి రెండో వరస ఎందుకు అల్లలేదు?"

"నీ చేతులు బాగానే ఉన్నాయి కదే. నెమ్మదిగా మాట్లాడు, అవ్వ వింటుంది."

"వింటూనే ఉన్నాను సవోన్," అంది వెనకనుంచి నియెప్ అవ్వ, వక్కాకు నములుతూ. "చేతులు వణికితే కళ్ళు కూడా పోయాయనుకున్నావా? నా బుట్ట అడుగు నేను గుర్తుపట్టనా? తాటిబెల్లం ఊరికే ఇస్తున్నానా?"

సవోన్ పెద్దమ్మ క్రమా గుడ్డతో మొహం కప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

వానలకి ముందే బోరింగు పడింది. చుట్టూ సిమెంటు గట్టు పోసిన మేస్త్రి, రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోవద్దన్నాడు గానీ కూర్చోవద్దనలేదు కదా అని పెద్దమ్మ ఈరోజుకీ వాదిస్తుంది.

దాతల పేర్లతో అన్ని ఊళ్ళలోలాగే మాకూ ఒక పలక ఉంది. దాని కింద సిమెంటులో మాకు మాత్రమే ఉన్న పెద్ద గుంట ఒకటుంది. బిందె నిండేదాకా నియెప్ అవ్వ అందులోనే కూర్చుంటుంది.

"ఇంకొకరికి చోటుంది, రావే," అని నన్నూ పిలుస్తుంది.