పాప బుగ్గ మీది మరక

మా వదిన ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆకులు కడిగి, తరిగి, ఉడికించి, ఆ రసాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పోస్తుంది. నీళ్లలా ఉన్నది కాసేపటికి టీ రంగుకు తిరుగుతుంది. కరిగివున్న వెండి లవణం కంటికి ఆనని వెండి రేణువులుగా మారిందన్నమాట. ఘాటు రసాయనాలు చేసే పనిని ఆకే చేసిపెడుతుంది. ఆ రేణువులను కాలిన గాయాలకు వేసే కట్టుగుడ్డలకు పట్టిస్తారు.

తోటివాళ్లు ఆమెను కషాయం మేడమ్ అంటారు. "ఇవాళ దగ్గుకా, జలుబుకా?" అని అడిగితే, "నీ నోటి దురదకి" అంటుంది.

వదిన డ్యూటీ దిగాక, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా మా పాప ఆమె దగ్గరే ఉంటుంది. మొన్న సాయంత్రం వెళ్లేసరికి పాప బుగ్గ మీద వేలిముద్రల్లా నల్లటి మరకలు. సబ్బుతో రుద్దినా పోలేదు. పాప ఏడుపు లంకించుకుంది.

"వదినా, దీన్ని ఎలా పట్టుకున్నావ్?"

"చేతుల్తోనే. పట్టకారుతో పట్టుకుంటారా ఏంటి?" అని నవ్వబోయి తన వేళ్లు చూసుకుంది. అవీ నల్లబడ్డాయి.

ఆ లవణం తగిలితే చర్మం నల్లబడుతుంది, అందుకే కలిపేటప్పుడు వాళ్లు గ్లవ్స్ వేసుకుంటారు. టీ రంగు రాగానే తీసేస్తారు. ఇక లవణం లేదు, ఉన్నదల్లా వెండీ ఆకురసమే అని ధీమా. క్యాన్లు నింపేది ఉత్త చేతులతోనే.

"లవణం మిగిలింది," అంది వదిన.

మర్నాడు ఆ ద్రావణాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి, పైకి తేలిన నీటిలో చిటికెడు ఉప్పు వేసిందట. పాలలా తెల్లబడింది. వెండి లవణం మిగిలివుంటేనే ఉప్పుకు అలా తెల్లబడుతుంది. అనుమానం నిజమే. వానలకు వచ్చిన లేత ఆకు, రసం పలచన. రంగు వచ్చింది గానీ పని సగంలో ఆగిపోయింది. అంత లవణం పచ్చి పుండుకు తగిలితే మంటే మంట.

"ఆకుతో చేసిందమ్మా, ఎవరికేమవుతుంది?" అన్నాడట మేనేజరు.

"ఆకు మంచిదే సార్. మిగిలింది ఆకు కాదు."

గొణుక్కుంటూనే క్యాన్లు ఆపించాడు. కానీ అదే ఆకుతో చేసిన సరుకు పట్టించిన కట్టుగుడ్డలు అంతకుముందే ఆసుపత్రికి చేరాయి. "నిదానంగా కబురు చేద్దాంలే" అన్నాడు. వదిన ఆగలేదు. ఇంటికొచ్చి, మా పాపను చంకనేసుకుని వార్డుకు ఫోన్ చేసింది.

"కొత్త కట్లా? నిన్ననే వేశాం మేడమ్," అంది నర్సు. "ఒక చిన్నపిల్ల మంట, మంట అని ఒకటే ఏడుపు. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాం."

"సర్దుకోదమ్మా. విప్పేయండి."

"డాక్టర్‌గారు చెప్పకుండా ఎలా విప్పుతాం?"

"ఆయన్ని పిలువు తల్లీ. నేనే చెప్తా. లైన్లోనే ఉంటా."

అవతల ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. దూరంగా ఏదో పిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఆ పిల్లో, ఇంకెవరో తెలియదు. వదిన ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.