వేళ్ళతో చూసిన పతకాలు

అమెరికా పతకాలు పోగుచేసే అలవాటు నాకు నిజ్వాలో, శుక్రవారం సంతలో పట్టుకుంది. అప్పటికి నేను ఒమన్ వచ్చి ఆరేళ్ళు. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. మా ఆయన దుక్మ్‌లో ఒక కంపెనీలో వెల్డింగ్ సూపర్‌వైజరు. నెలకి రెండుసార్లు కంపెనీ బస్సులో వచ్చి రెండ్రోజులుండి వెళ్ళేవారు. ఆయన రాని శుక్రవారాల్లో, మేకల సంత హడావుడి తగ్గాక, కోట పక్కన పాత సామాన్ల కొట్ల ముందు ఊరికే తిరిగేదాన్ని.

ఒకరోజు సొట్టలు పడ్డ కాఫీ కూజాల మధ్య అరచేయంత గుండ్రటి కంచు బిళ్ళ ఒకటి కనిపించింది. ఒకవైపు గాలికి వంగిన మొక్కజొన్న చేను. రెండోవైపు, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న ఆడమనిషి. కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకోవచ్చని కొన్నాను. రూముకొచ్చి, అంచు మీదున్న చిన్న అక్షరాలు ఫోన్లో కొట్టి చూస్తే అప్పుడు తెలిసింది. అమెరికాలో శిల్పుల చేత ఇలాంటివి చేయిస్తారట. ఒక ఊరు పుట్టి వందేళ్ళయిందనో, నది మీద వంతెన కట్టారనో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా అందం కోసమో. మెడలో వేసుకునేవి కావు, కొట్లో చెల్లేవీ కావు. చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకోవడానికే. పొద్దస్తమానం సిరంజిలు, కత్తెరలు పట్టుకునే నాకు, ఏ పనికీ రాని వస్తువు చేతిలో ఉండటం ఎందుకో హాయిగా అనిపించింది.

నాలుగేళ్ళలో అవి పదకొండయ్యాయి. పతకాలు పోగుచేసేవాళ్ళ గుంపు ఒకటి నెట్‌లో ఉంటే అందులో చేరాను. అమ్మేవాళ్ళు అమెరికా నుంచి పోస్టులో పంపేవారు. బిస్కెట్ల డబ్బాలో దూది పరిచి దాచుకునేదాన్ని. ఆ గుంపులో వాళ్ళు మొదటి రోజే ఒక నియమం చెప్పారు: నూలు గ్లౌజులు వేసుకుని అంచు పట్టుకోవాలి, ఉత్త వేళ్ళు తగిలితే కంచు మీది రంగు చెడిపోతుంది.

మా ఆయన ఒకసారి డబ్బా తెరిచి చూసి, "ఏంటే ఇవన్నీ, రాగి బిళ్ళలు కొంటున్నావా?" అన్నారు.

"రాగి కాదండి, కంచు."

"కంచయితే కరిగించి గంట చేయించి చర్చికిచ్చెయ్. పుణ్యమన్నా వస్తది." అలా అన్నారే గానీ, తర్వాత దుక్మ్ నుంచి వచ్చేటప్పుడు నా కోసం ఒక భూతద్దం తెచ్చారు.

ఒక పెద్దాయన ఆసుపత్రిలో పుళ్ళకి కట్లు కట్టే మా డ్రెస్సింగ్ రూముకి రావడం మొదలుపెట్టింది అప్పుడే. డెబ్భై దాటిన ఒమానీ. షుగరు వల్ల రెండు కళ్ళూ పోయాయి. కుడి కాలి వేళ్ళ దగ్గర పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. వెంట కూతురు వచ్చేది. ఆమె గవర్నమెంటు బడిలో టీచరు, నాతో ఇంగ్లీషులో మాట్లాడేది. ఆయనతో నాది ఆసుపత్రి అరబీ: నొప్పా, కొంచెమేనా, అయిపోయింది. ఇక్కడ వయసు మళ్ళిన మగవాళ్ళని "అమ్మీ" అని పిలుస్తాం, అరబీలో బాబాయి అని అర్థం. మా ఊళ్ళో ఆడపిల్లల్ని పిలిచే మాట అది. గడ్డమున్న మనిషిని అమ్మీ అన్నప్పుడల్లా మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఆయనకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. కట్టు విప్పుతుంటే పళ్ళు బిగించేవాడు. పుండు శుభ్రం చేస్తుంటే కాలు లాక్కునేవాడు. కూతురు బతిమాలితే ఆమె మీద కసురుకునేవాడు. "మా నాన్న ఇలా ఉండేవాడు కాదు," అని ఆమె ఒకసారి గుమ్మం దగ్గర నాతో నెమ్మదిగా చెప్పింది. "నలభై ఏళ్ళు వెండి పని చేశాడు. పెళ్ళికూతుళ్ళ కడియాలు, బాకుల ఒరలు. చూపు పోయాక చేతులు ఊరికే ఉన్నాయి, కోపమంతా అందుకే."

ఒకరోజు పొద్దున పోస్టాఫీసులో కొత్త పతకం తీసుకుని నేరుగా డ్యూటీకి వచ్చాను. కోటు జేబు బరువుగా ఉంటే, వంగేటప్పుడు అడ్డమని తీసి పక్కన స్టీలు ట్రేలో పెట్టాను. ఖంగుమంది.

పెద్దాయన తల తిప్పాడు. "ఏంటది?"

"ఏం లేదు అమ్మీ."

"కంచు. పెద్దది. నాణెం కాదు." చెయ్యి చాచాడు. "ఇటు ఇవ్వు."

నూలు గ్లౌజులు గుర్తొచ్చాయి. అదే సమయంలో ఆయన చెయ్యీ కనిపించింది, వేళ్ళు కొంచెం విడదీసి గాల్లో ఆగి ఉంది. ట్రేలోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత మధ్యలోకి వచ్చాడు. నేను కట్టు విప్పాను, పుండు కడిగాను, మందు పెట్టాను. కాలు కదలలేదు. మా అమ్మ నరసాపురంలో లేసు అల్లేది. వందల కుట్లలో ఒకటి తప్పితే కళ్ళు మూసుకుని వేలితో పట్టేసేది. ఆయన ముఖంలో సరిగ్గా ఆ శ్రద్ధే చూశాను.

"గుర్రం," అన్నాడు. "ముసలిది. దీన్ని చేసినవాడికి గుర్రం ముసలిదయితే వీపు ఎలా దిగుతుందో తెలుసు." తర్వాత అడిగాడు, "ఇంకా ఉన్నాయా?"

అలా మొదలైంది. కట్టు మార్చే ప్రతిరోజూ ఒక పతకం తీసుకెళ్ళేదాన్ని. ముందు సబ్బుతో కడిగి, ఆయన చేతులు తుడిచి ఇచ్చేదాన్ని. గుంపులో వాళ్ళకి ఈ సంగతి చెప్పలేదు. మొక్కజొన్న చేనుని ఆయన ఖర్జూరపు తోట అన్నాడు. కూతురు దిద్దబోతే, "నాకు ఖర్జూరమే," అన్నాడు. ఒకప్పుడు ఒమన్‌లో ఎక్కడిదో రాణి బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణేలు తిరిగేవట. వాటిని కరిగించే నగలు చేసేవారట. "ఆ రాణిని ఎన్నిసార్లు మూసలో వేశానో. వేసే ముందు ప్రతిసారీ ముఖం ఒకసారి తడిమి చూసేవాణ్ణి. మంచి పనితనం, పాపం," అని చెప్పాడు. అచ్చు కొట్టిన పతకం ఎలా ఉంటుందో, పోత పోసింది ఎలా ఉంటుందో నా వేలు పట్టుకుని అంచుల మీద నడిపించి నేర్పాడు. నన్ను "బింతీ" అనడం కూడా అప్పుడే మొదలుపెట్టాడు. బిడ్డా అని అర్థం.

చివరికి వరద పతకం వచ్చింది. దాని కోసం రెండేళ్ళు చూశాను. నీళ్ళలో మునిగిన ఇల్లు, కప్పు మీద పిల్లల్ని పొదువుకుని కూర్చున్న తల్లి. రెండోవైపు ఖాళీ పడవ. మా చిన్నప్పుడు గోదావరి గట్టు తెగితే స్కూలు డాబా మీద మూడు రోజులున్నాం. ఆ బొమ్మ నెట్‌లో మొదటిసారి చూసినప్పుడే అది నాదనిపించింది. తొందరగా అమ్మీ చేతిలో పెట్టాలని ఆరోజు డ్యూటీకి ముందే వెళ్ళాను.

ఆయన చాలాసేపు తడిమాడు. "తల్లి ఉంది. నీళ్ళు ఉన్నాయి. పిల్లలు ముగ్గురు."

"ఇద్దరే అమ్మీ."

"తల్లి భుజం వెనక ఇంకొకడు ఉన్నాడు, చూడు." భూతద్దంతో చూస్తే నిజమే, చిన్న తల. రెండేళ్ళు బొమ్మలు చూస్తూ నేను కనిపెట్టనిది ఆయన నిమిషంలో పట్టాడు. నేను సంబరపడిపోయాను. ఆయన మాత్రం పతకాన్ని మళ్ళీ తిప్పి, పడవ మీద వేలు ఆపి, "బావుంది బింతీ," అని నా చేతిలో పెట్టేశాడు. ఆరోజు ఇంకేమీ మాట్లాడలేదు.

మర్నాడు కూతురు ఫోన్ చేసింది. "మా నాన్న రాత్రి అన్నం తినలేదు. నీకు అబద్ధం చెప్పాడట. నిజం ఇప్పుడే చెప్పాలని పట్టుబట్టి కూర్చున్నాడు."

ఫోను ఆయన తీసుకున్నాడు. "అది అసలుది కాదు. అసలుదాన్ని మట్టిలో అదిమి ఎవరో మళ్ళీ పోత పోశారు."

"పాతది కదా అమ్మీ, అరిగి ఉంటుంది."

"అరిగితే ఎత్తుగా ఉన్నవి అరగాలి. తల్లి ముక్కు, పడవ అంచు. ఇందులో నీళ్ళ గీతల అడుగున కూడా మెత్తగా ఉంది. ఆ పల్లాల్లోకి ఎవరి వేలు వెళ్ళి అరగదీస్తుంది?"

నాకు కోపం వచ్చింది. ఆయన మీదే వచ్చింది. ముక్తసరిగా సరేనని పెట్టేశాను. మా ఆయనకి చెబితే, "మా సైట్లో సన్నటి కొలతలకి వెర్నియర్ ఉంది కదా, కొలవొచ్చు. పోత చల్లారితే లోహం కుంచించుకుంటది. అసలు కన్నా వెంట్రుకవాసి చిన్నగా ఉంటది," అన్నారు. ఆ శుక్రవారం ఆయన వెర్నియర్ తెచ్చారు. గుంపులో ఒకరిని అడిగి అసలు కొలత తెప్పించుకున్నాం. మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ చిన్నదే. మా ఆయన టీ పెట్టి తెచ్చారు.

అమ్మినతను అమెరికాలో ఒక ముసలాయన. చనిపోయిన భార్య దాచుకున్న పతకాలు ఒక్కొక్కటిగా అమ్ముతున్నాడు. వరద పతకం పంపుతూ, అది తన భార్యకి అన్నిటికన్నా ఇష్టమైనదని చిన్న చీటీ పెట్టాడు. అందుకే ఉత్తరం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. తర్వాతి డ్రెస్సింగ్ రోజున పెద్దాయన్నే అడిగాను. "చెప్పాలా అమ్మీ? ఆయన మోసం చేసినవాడు కాదు. చెబితే ఆవిడ గుర్తు ఒకటి చెరిపినట్టవుతుంది."

ఆయన నా వైపు తల తిప్పాడు. "నేను నీకు ఒకరోజు చెప్పలేదు. ఆ ఒకరోజు నువ్వు సంతోషంగా ఉన్నావు, నేను మాత్రం నీతో మాట్లాడలేకపోయాను. నీకు ఆ మనిషితో మళ్ళీ మాట్లాడే పని ఉందా?"

"ఉంది. ఆయన మంచివాడు."

"అయితే చెప్పు. నెమ్మదిగా చెప్పు."

రాశాను. తల్లి భుజం వెనక మూడో పిల్లాడి సంగతి ముందు రాసి, కొలతల సంగతి చివర్లో రాశాను. వారం తర్వాత జవాబొచ్చింది. తన భార్యకి తెలిసే ఉంటుందని రాశాడు. ఆమె దాన్ని ఎప్పుడూ మిగతావాటితో కలిపి పెట్టేది కాదట, వంటింటి కిటికీలో ఉంచేదట. ఎందుకో తనకి ఇన్నాళ్ళూ అర్థం కాలేదట. మూడో పిల్లాణ్ణి ఆమె చూసిందో లేదో అడిగే వీలు లేకపోయిందని బాధపడ్డాడు. డబ్బు తిరిగి పంపుతానన్నాడు. పతకం మాత్రం నా దగ్గరే ఉంచమన్నాడు. దాన్ని నేను డబ్బాలో పెట్టలేదు, మా వంటింటి కిటికీలో పెట్టాను.

చలికాలం మొదట్లో పెద్దాయన పుండు తిరగబెట్టింది. చిటికెన వేలు నల్లబడింది. డాక్టరు మస్కట్‌లో పెద్దాసుపత్రికి రాసిచ్చారు. వేలు తీసెయ్యాలి. బయల్దేరే ముందు రోజు కట్టు కడుతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "పాదం మొత్తం తీసేస్తారా బింతీ? నిజం చెప్పు. పతకం సంగతి నేను నీకు నిజమే చెప్పాను."

"ఇప్పటికి వేలు ఒక్కటే అమ్మీ. షుగరు అదుపులో లేకపోతే ఏమవుతుందో నేను చెప్పలేను."

ఆయన తలూపాడు. దారిలో పట్టుకోవడానికి ముసలి గుర్రం అడిగాడు. ఇచ్చాను.

రెండు నెలలు ఆయన సంగతి కూతురి మెసేజీల్లోనే తెలిసేది. ఆపరేషన్ అయింది. జ్వరం వచ్చింది, తగ్గింది. ఖర్జూరాలు మానెయ్యమంటే మూడు రోజులు మాట్లాడలేదు. ఇంటికొచ్చాడు. తేనెపట్టు మైనం తెమ్మన్నాడు. ఆ చివరి మెసేజీ నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో పొద్దున్నే డ్రెస్సింగ్ రూముకి వచ్చాడు, కర్ర పట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ. గాయం పూర్తిగా మానింది. ముందు గుర్రాన్ని తిరిగి ఇచ్చాడు. తర్వాత జేబులోంచి గుడ్డలో చుట్టింది ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి, "కళ్ళు మూసుకో," అన్నాడు.

మూసుకున్నాను. గుండ్రంగా లేదు, ఒకవైపు కొంచెం నొక్కుకుపోయింది. అంచు గరుకుగా ఉంది. మధ్యలో మడమ తగిలింది, తర్వాత పాదం వంపు, వేళ్ళు. బొటనవేలి నుంచి లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

కళ్ళు తెరిచాను. కూతురు చెప్పింది, ఆయనే మైనంతో చేశాడట, నాలుగు వారాలు పట్టిందట. ఒకప్పుడు తనతో పనిచేసిన స్నేహితుడి చేత కంచులో పోత పోయించాడట. రెండోవైపు తిప్పితే ఏమీ లేదు, నున్నగా ఉంది.

"అటువైపు ఏం చెయ్యాలో తోచలేదు," అన్నాడాయన. "కంచు కూడా మంచిది కాదు. వాడు తగరం తగ్గించాడు, పిసినారి."

దాన్ని మళ్ళీ పాదం బొమ్మ వైపు తిప్పాను. ఏదో ఒకటి అనాలి కనుక, చాలా బరువుగా ఉంది అమ్మీ అన్నాను.

ఆ రోజు ఫొటో తీసి గుంపులో పెట్టాను, నిజ్వాలో ఒక వెండి పనివాడు చేసిందని మాత్రం రాసి. ఏ సందర్భానికి చేశారని చాలామంది అడిగారు. కాలు మిగిలిన సందర్భానికి అని రాశాను. ఇలాంటిది ఇంకొకటి దొరుకుతుందా, కొనుక్కుంటాను అని ఒకావిడ అడిగింది. మరుసటి నెల షుగరు పరీక్షకి వచ్చినప్పుడు పెద్దాయనకి ఆ మాట చెప్పాను.

"మైనం కరిగిపోయింది," అన్నాడు. "ఇంకొకటి కావాలంటే ఇంకో వేలు పోవాలి. కొంచెం ఆగమను."

కూతురు ఆయన్ని కసిరింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేను కుడి పాదం ఒళ్ళోకి తీసుకుని, నాలుగు వేళ్ళూ విడదీసి, సందుల్లో ఎక్కడైనా ఎర్రబడిందేమోనని చూశాను. ఎక్కడా ఏమీ లేదు.