మైకక్క దగ్గు

ఆ బస్టాండులో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ మైకక్కే. పెళ్లయిన కొత్తలో "కాస్త మెల్లగా మాట్లాడవే, పక్కింటి గోడలు అదురుతున్నాయి" అని అత్తగారు రోజూ సణిగింది ఆమె గొంతు గురించే. భర్త పోయాక అత్తాకోడళ్లిద్దరికీ అన్నం పెట్టింది ఆ గొంతే. మేడ మీది అద్దాల గదిలో కూర్చుని, కిందికి చూస్తూ, ఏ బస్సు ఎక్కడ ఆగిందో మైకులో చెప్పడం ఆమె పని. అంతటితో ఊరుకునే రకమా? "డ్రైవరన్నా, ఒక్క నిమిషం ఆగు, పెద్దాయన మూట మోసుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు" అనేది. "నీలం చొక్కా తమ్ముడూ, గొడుగు బెంచీ మీదే మర్చిపోయావు" అనేది. మైకక్క చెప్పిందంటే జనం కళ్లు మూసుకుని నమ్మేవాళ్లు.

అలాంటి చోటికి కొత్త మేనేజరు వచ్చాడు. మాటకు ముందు తేనె, వెనక కత్తి. "అక్కగారూ, మీకు ఒంట్లో బాగోలేని రోజు పనికొస్తుంది, ఊళ్ల పేర్లూ ప్లాట్‌ఫారం నంబర్లూ ఒకసారి చదివి రికార్డు చేయించండి" అన్నాడు. ఆ రోజే ఆమెకు జలుబు. పాపం, వేడినీళ్లు తాగుతూ తాగుతూ చదివింది. అయినా 'దయచేసి'కీ 'గమనించండి'కీ మధ్య ఒక దగ్గు దూరింది. మళ్లీ చదువుతానంటే "పర్లేదండీ, అంత పట్టించుకుని ఎవరు వింటారు?" అన్నాడా మహానుభావుడు.

వారం తిరక్కుండానే పిలిచాడు. "ఖర్చులు తగ్గించమని పైనుంచి ఆర్డరండీ. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు." ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే కదా! ఆయనగారి గదికి కొత్త ఏసీ బిగించింది కూడా ఆ వారమే. ఖర్చులు తగ్గించడమట, సిగ్గులేకపోతే సరి!

మైకక్క ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు పొద్దున్న స్టవ్వు దగ్గర నిలబడి ఉండగా, రెండు వీధుల అవతలున్న బస్టాండు నుంచి వినిపించింది.

"ప్రయాణికులు దయచేసి... ఖళ్... గమనించండి."

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "ఒసే, నువ్విక్కడుంటే అక్కడ అరుస్తున్నదెవరే?"

"నేనే, అత్తయ్యా. నన్ను ఇంటికి పంపించేసి, నా గొంతును పనిలో పెట్టుకున్నారు."

ముసలావిడ కిటికీ వైపు చెవి ఒగ్గింది. "అయితే దానికి కాస్త మందైనా పొయ్యమను. పొద్దుట్నుంచి ఒకటే దగ్గు."

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చింది. ఆ నవ్వు రెండు రోజులే నిలిచింది. మూడో రోజు సందు చివర నర్సు ఎదురైంది. రోజూ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లే పిల్ల.

"ఏంటక్కా, నువ్వు కూడా ఇలా చేస్తే ఎలా? నిన్న మూడో నంబరన్నావని అక్కడే నిలబడ్డా. బస్సేమో ఐదులోంచి వెళ్లిపోయింది. డ్యూటీకి లేటై అందరి ముందూ తిట్లు తిన్నా."

మైకక్కకు అప్పుడర్థమైంది. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు. ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్న మాట పోతే ఎక్కడ వెతుక్కోవాలి? తన నోటితోనే ఊరందరికీ అబద్ధాలు చెప్పిస్తున్నారు! నర్సును వెంటబెట్టుకుని తిన్నగా బస్టాండుకు నడిచింది.

అక్కడ సంతలా ఉంది. రోడ్డు మరమ్మతుల వల్ల బస్సులు ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంటే, యంత్రం మాత్రం పాత పాటే పాడుతోంది. జనం మేనేజరును చుట్టుముట్టి నిలదీస్తున్నారు.

"నా గొంతు ఆపండి సార్" అంది మైకక్క.

"మీ గొంతేంటమ్మా? అది మిషన్ గొంతు."

సరిగ్గా అప్పుడే తల మీది స్పీకరు అందుకుంది. "ప్రయాణికులు దయచేసి... ఖళ్... గమనించండి."

"మిషన్‌కి జలుబు చేసిందా సార్?"

జనం గొల్లున నవ్వారు. మైకక్క బెంచీ ఎక్కింది. మైకు లేదు. పక్కింటి గోడలు అదరగొట్టిన గొంతుకు మైకెందుకు?

"ప్రయాణికులు దయచేసి గమనించండి! పైన వాగుతున్నది నేను కాదు. ఖర్చు దండగని నన్ను తీసేశారు. కొండ మీదికి వెళ్లే బస్సు ఐదో నంబర్లో ఉంది, మూడో నంబరు దగ్గర ఎవరూ నిలబడకండి!"

జనం ఒకసారి స్పీకరు వైపు, ఒకసారి బెంచీ వైపు చూశారు. ఆ తర్వాత ఐదో నంబరు వైపు పరుగు తీశారు. "అయ్యో, తెలీక నిన్ను అనేశానక్కా" అని నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. ఐదులో ఉన్న డ్రైవరు ఇంజను ఆపేశాడు. "అక్క పైకెళ్లి చెప్తేనే బండి కదుల్తుంది" అన్నాడు. పక్క బస్సు కూడా ఆగింది. దాని పక్కదీ ఆగింది. చూస్తుండగానే బస్టాండంతా నిశ్శబ్దమైపోయింది.

మేనేజరు ఎవరికో ఫోను చేసి, చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "అక్కగారూ, ఇవాళ్టికి కాస్త పైకి రండి."

"ఇవాళ్టికైతే మీ మిషనుందిగా. ఆవిరి పట్టించండి, దగ్గు తగ్గుతుంది."

మళ్లీ ఫోను. ఈసారి గొంతు తగ్గింది. "ఎప్పట్లాగే రోజూ రండి, మీ ఉద్యోగం మీదే."

"ముందు అది చెరిపెయ్యండి. నా కళ్లెదురుగా."

చెరిపేశాడు. చెయ్యక చస్తాడా!

మైకక్క తన కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి కిందికి చూసి, మీట నొక్కింది. "ప్రయాణికులు దయచేసి గమనించండి. ఈ మూడు రోజులూ మీరు విన్నది నా గొంతే గానీ, నా మాట కాదు. ఇప్పుడు నేనొచ్చాను." కింద ఎవడో కొంటెగా "ఖళ్"మన్నాడు. అంతే, బస్టాండు బస్టాండంతా దగ్గింది. ఆ దగ్గుల మధ్యే ఇంజన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. మైకక్క కళ్లు తుడుచుకుని తరువాతి బస్సు చెప్పింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"పొద్దున్న ఉన్నట్టుండి దగ్గు ఆగిపోయింది. అప్పుడే అనుకున్నా, కుర్చీ ఎక్కావని."

"అంత బాగా వినపడిందా, అత్తయ్యా?"

"ఏం వినపడటం? రేపట్నుంచి ఇంకాస్త గట్టిగా మాట్లాడవే."