చావడి గోడ మీద పెద్దమ్మ పేరు

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. నర్సంపేట అంగడికి పోయి తిరిగివస్తుంటే వాడకట్టు మొదట్లోనే చెప్పారు. చలిజ్వరమట, ఒక్కరోజులోనే అయిపోయిందట. మనకు మొట్టమొదటిసారి వచ్చిన ఓట్లు ఇంకా పడనే లేదు. ఆ రోజుకు ఆమె ఉండదన్న మాట నాకు మింగుడుపడటం లేదు.

పెద్దమ్మ మా మగ్గాలకు కండెలు చుట్టేది. ఒక్కడే కొడుకు సాంబయ్య, దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిసి అడవికి పోయాడు. ఊరి పక్కనే మిలిటరీ క్యాంపు పడింది. కొడుకులు అడవిలో ఉన్నారని తెలిస్తే తల్లులను పట్టుకుపోయి, వాళ్లనే ఎరగా కూర్చోబెట్టేవారు. పెద్దమ్మకు కొడుకున్నాడని మాత్రం క్యాంపుకు తెలియదు. వాడకట్టంతా నోరు కట్టుకుని కాచిన గుట్టు అది.

కొడుకు సంగతి ఆమె ఎవరినీ అడిగేది కాదు. అటునుంచి ఎవరొచ్చినా ఒకటే మాట: "అడివి దిక్కు వానలు పడ్డయా బిడ్డా?" పడ్డాయంటే రాట్నం ఆపి అటే చూసేది. పడలేదంటే చెయ్యి మళ్లీ ఆడేది. "పేరు నోట్లున్నంతసేపే మనది, కాయితం మీద పడితే సర్కారుది" అనేది.

ఆ మధ్య ఓట్ల లిస్టు రాయడానికి హనుమకొండ నుంచి ఒక సారు వచ్చాడు. ఇరవై ఒకటి దాటితే ఆడవాళ్లకు కూడా ఓటేనన్నాడు. బాగానే ఉంది గానీ, మా దగ్గర ఆడది పరాయి మగవాడి ముందు తన పేరు పలకదు. ఎల్లయ్య పెండ్లాం, మల్లయ్య తల్లి, అంతే. సారు అడిగి అడిగి విసిగిపోయి అలాగే రాసుకుపోయాడు. పెద్దమ్మ ఇంటికి వచ్చేసరికి నేనూ పక్కనే ఉన్నాను.

"ఇంట్ల ఎంతమందమ్మా?"

"నేనొక్కదాన్నే సారూ."

"పిల్లలు?"

"లేరు."

ఆ మాట అన్నప్పుడు రాట్నం మీద ఆమె చెయ్యి ఆగలేదు.

"నిన్నేమని రాయాలె?"

"సాంబయ్య తల్లని రాయి."

వాడకట్టులో మేమంతా పిలిచే పిలుపే కాబట్టి ఎవరికీ ఏమీ తట్టలేదు. సారు తలైనా ఎత్తలేదు.

లిస్టును చావడి గోడకు అంటించాక, చదువు రానివాళ్లకు నేనే చదివి వినిపిస్తున్నాను. సాంబయ్య తల్లి అనగానే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా నోటితోనే వాని పేరు సర్కారుకు ఇచ్చిన గదరా కొడకా" అంది.

మర్నాడు సారు తప్పొప్పులు దిద్దడానికి చావడిలో కూర్చున్నాడు. చుట్టూ మగవాళ్లే. పెద్దమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని వచ్చి నిలబడింది. "అది తీసెయ్ సారూ. నా పేరే రాయి" అని తన పేరు చెప్పింది. మగవాళ్లంతా నేల చూశారు. సరిగ్గా వినబడలేదన్నాడు సారు. ఈసారి చావడంతా వినబడేట్టు చెప్పింది. సారు కలం తీసి పాతది కొట్టేయబోతే ఆపింది. "గీత గీస్తే కనబడతది. మీదికెళ్లి కాయితం అంటించు." మగ్గం మీది పడుగు నూలుకు పట్టించే గంజి చిప్పలో వెంట తెచ్చుకుంది. కొత్త పేరు రాసిన ముక్కను తనే అంటించి, అరచేత్తో అదిమింది.

ఆ పేరు ఇక్కడ రాయను. కొడుకును కాచుకోవడానికి బయటపెట్టిన పేరది. ఆ పేరుతో ఆమెను మేమెవరం ఎన్నడూ పిలవలేదు.

పెద్దమ్మ పోయిన పదోరోజు మధ్యాహ్నం సాంబయ్య వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. లొంగిపోవడానికి క్యాంపుకే పోతున్నానన్నాడు. "ఇగ ఎవలకోసం దాక్కోవాలె అన్నా?" వద్దంటూ వెంట నడిచినా వినలేదు. దారిలో చావడి దగ్గర ఆగి, లిస్టు పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు.

"మా అమ్మది లేదు గదన్నా."

వాడి వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాను. పెదవులు కదుపుతూ చదివాడు. ఎండకు గంజి ఎండి కాగితం మూల లేచింది, దాని కింద సగం సాంబయ్య కనిపిస్తున్నాడు. వాడు అది చూసి, బొటనవేలు నాలికకు తడి చేసుకుని, ఆ మూలను అదిమిపట్టుకుని అక్కడే నిలబడ్డాడు.